కెమెరా ధర కన్నా సర్వీసింగే ఎక్కువైతే?

పాత ఫిల్మ్ కెమెరాల రిపేర్ల మీద ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి. ఒక్కోటి ఒక్కో సంచికలో వేసుకుంటూ పోతే అందరికీ జవాబు అందేసరికి ఏడాది గడిచిపోతుంది, అందుకే ఒకేచోట పెట్టేస్తున్నాను. కొన్నింటికి పెద్ద జవాబులున్నాయి, కొన్నింటికి రెండు ముక్కలే, చిన్న జవాబు వచ్చినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి పెంటాక్స్ కె1000 చాలా ఏళ్లుగా పెట్టెలోనే ఉండిపోయింది. ఇప్పుడు బయటికి తీస్తే షట్టర్ పడుతోంది గానీ సెకను, అరసెకను స్పీడుల దగ్గర మధ్యలో ఆగిపోతోంది, వెలుతురు కొలిచే మీటరు ముల్లు అసలు కదలడం లేదు. రిపేరు చేసే ఆయన పూర్తి సర్వీసింగ్ చెయ్యాలన్నారు. ఆయన చెప్పిన మొత్తం కన్నా తక్కువకే అదే మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది! ఇంకా సర్వీసింగ్ చేయించడంలో అర్థం ఉందంటారా?

జవాబు: ఉందండీ. చిక్కంతా మీరు చేసిన పోలికలో ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో మీకు కనబడుతున్న ఆ కె1000 లోపల ఎలా ఉందో ఎవరికి తెలుసు? అమ్మేవాళ్లు 'వర్కింగ్' అని రాశారంటే చాలాసార్లు బటన్ నొక్కితే క్లిక్‌మందని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. ఈ మోడల్ 1976లో వచ్చింది, 1997లో తయారీ ఆగిపోయింది. అంటే వీటిలో అన్నిటికన్నా కొత్తదానికి కూడా పాతికేళ్లు ఎప్పుడో దాటాయి. మీ కెమెరాలో గట్టిపడిన గ్రీజే అందులోనూ ఉంటుంది, ఇవాళ కాకపోతే రెండేళ్లకి అదీ రిపేరు బల్ల ఎక్కాల్సిందే. కాబట్టి పోలిస్తే, సర్వీస్ చేసి వారంటీ ఇచ్చి అమ్ముతున్న ఇంకో కె1000 ధరతో పోల్చండి. తేడా చాలామటుకు అక్కడే పోతుంది.

ఇంకో విషయం, సర్వీసింగ్ బిల్లుకీ ఆ కెమెరా మార్కెట్ ధరకీ సంబంధం లేదు. మీరు డబ్బు కట్టేది ఒక మనిషి చేతిపనికి, ఆయన కూర్చునే గంటలకి. పై మూత, కింది మూత విప్పాలి, అద్దం పెట్టె బయటికి తియ్యాలి, షట్టర్‌లో ఒకటి తెరిస్తే రెండోది మూసే రెండు కర్టెన్లు చుట్టుకునే రోలర్ల ఇరుసుల మీద పేరుకున్న పాత ఆయిల్ తుడవాలి. సెకను స్పీడు పెట్టి నొక్కినప్పుడు లోపల సన్నగా జ్‌ర్‌ర్‌మని వినిపిస్తుంది చూశారా, అది స్లో స్పీడుల పళ్లచక్రాల గుత్తి తిరుగుతున్న శబ్దం. రెండో కర్టెన్‌ని కావలసినంత సేపు పట్టి ఉంచడం దాని పని. అందులో ఆయిల్ జిగురైపోతే చక్రాలు మధ్యలో నిలిచిపోతాయి, మీ కెమెరాకి పట్టిన జబ్బు దాదాపు ఖాయంగా ఇదే. ఆ గుత్తిని తీసి కడిగి, వేలితో కాదు సూదిమొనతో, అవసరమైన చోట మాత్రమే ఆయిల్ పెట్టి మళ్లీ బిగించాలి. ఆ తర్వాత రెండు కర్టెన్ల బిగువూ సరిచేసి, ప్రతి స్పీడునీ టెస్టర్ మీద కొలవాలి, మీటరు సరిచూడాలి, తలుపు చుట్టూ స్పాంజి మార్చాలి, దూరంగా ఉన్నది లెన్స్ మీద అనంతం గుర్తు దగ్గరే ఫోకస్ అవుతోందో లేదో చూడాలి. రిపేరు చేసేవాళ్లు ఇదంతా కలిపి సీఎల్ఏ అంటారు. చవక కెమెరా అయినంత మాత్రాన దానికి స్క్రూలు తక్కువుండవు కదా, అందుకే కలెక్టర్లు ఎగబడే మోడల్‌కీ మీ కె1000కీ గంటలు ఇంచుమించు అంతే పడతాయి, బిల్లూ ఇంచుమించు అంతే వస్తుంది.

ఇప్పుడు నిజంగా వేసుకోవాల్సిన లెక్క. ఒక రోలు కొనడానికి, డెవలప్ చేయించడానికి, స్కాన్ చేయించడానికి మొత్తం ఎంతవుతోందో ఒక కాగితం మీద రాయండి. సర్వీసింగ్ మొత్తాన్ని దాంతో భాగించండి. వచ్చిన అంకె ఎన్ని రోళ్ల ఖర్చుకి సర్వీసింగ్ సమానమో చెబుతుంది. ఏడాదిలో అన్ని రోళ్లు తీసేవారైతే ఇక ఆలోచించక్కర్లేదు, చేయించెయ్యండి. రెండు మూడేళ్లలో తీసేవారైనా నేను చేయించమనే అంటాను, ఎందుకంటే ఒక్క సర్వీసింగ్ చాలా ఏళ్లు వస్తుంది, ఫిల్మ్ ఖర్చు మాత్రం రోలు రోలుకీ కొత్తగా పెట్టాల్సిందే. ఒక రోలు పాడైతే పోయేది 36 ఫ్రేములు, దాని డబ్బు, పైగా ఆ రోజు మళ్లీ రాదు. నెలకో రోలు నమ్మకం లేని కెమెరాలో పెట్టి, ఏమొస్తుందో అని ప్రతిసారీ ల్యాబ్ నుంచి వచ్చేదాకా టెన్షన్ పడేవాళ్లని చూస్తుంటాను, వాళ్లు సర్వీసింగ్ డబ్బు మిగుల్చుకున్నామనే అనుకుంటారు.

కొత్తది కొంటే పోలేదా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. నికాన్ చివరి ఫిల్మ్ ఎస్ఎల్ఆర్ (మీ కె1000లాగా లెన్స్‌లోంచే చూసి తీసే కెమెరా) ఎఫ్6 2020లో ఆగిపోయింది, కెనాన్ ఈఓఎస్-1వి అమ్మకం 2018లోనే ముగిసింది. 2024లో పెంటాక్స్ పేరుతో కొత్త ఫిల్మ్ కెమెరా వచ్చిన మాట నిజమే, కానీ ఆ పెంటాక్స్ 17 సగం ఫ్రేము కెమెరా, అంటే ఒక ఫ్రేము చోట్లో రెండు ఫొటోలు తీస్తుంది, ఫోకస్ దూరాన్ని అంచనా వేసి పెట్టుకోవాలి. మంచిదే, మీ నాన్నగారి కెమెరా స్థానంలోకి వచ్చేది మాత్రం కాదు. లైకా ఇప్పటికీ పూర్తి మెకానికల్ ఫిల్మ్ కెమెరాలు కొత్తగా తయారు చేస్తోంది, వాటి ధర విన్నాక మీ సర్వీసింగ్ బిల్లు మీకే ముద్దొస్తుంది.

తీయడానికి కాదు, నాన్నగారి గుర్తుగా అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే అంటారా, అప్పుడు చేయించకండి. బ్యాటరీ తీసేసి, దుమ్ము తుడిచి పెట్టుకోండి, ఎప్పుడైనా తీయాలనిపించిన రోజు చేయించవచ్చు. వాడకుండా పెడితే కొత్త ఆయిల్ కూడా పాతదే అవుతుంది.

అన్నట్టు మీటరు సంగతి. రిపేరుకి ఇచ్చేముందు కింద బ్యాటరీ మూత విప్పి చూడండి. కె1000కి ఎల్ఆర్44 సైజు బిళ్ల ఒకటి చాలు, అది మీటరుకి మాత్రమే, షట్టర్‌కి బ్యాటరీతో పనే లేదు. ఈ కెమెరాలో మీటరు ఆపే స్విచ్ లేదు, లెన్స్‌కి మూత పెడితేనే అది ఊరుకుంటుంది, మూత లేకుండా పెట్టెలో పడుంటే బ్యాటరీ అయిపోయి కారి ఉండవచ్చు. లోపల పచ్చగా, తెల్లగా పొడి కనిపిస్తే చెవిలో పెట్టుకునే దూదిపుల్లకి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, ఆరాక కొత్త బిళ్ల వేసి చూడండి. ముల్లు లేస్తే బిల్లులో ఒక వరుస తగ్గినట్టే.

ప్రశ్న: తలుపు తెరిస్తే చుట్టూ నల్లగా జిడ్డులాంటిది వేళ్లకి అంటుకుంటోంది. సర్వీసింగ్‌కి ఇవ్వాలా?

జవాబు: దీనికొక్కదానికే అయితే అక్కర్లేదు. వెలుతురు లోపలికి రాకుండా పెట్టిన స్పాంజి అది, ఏళ్లు గడిచేకొద్దీ కరిగి తారులా అయిపోతుంది. పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, కత్తిరించిన కొత్త స్పాంజి ముక్కలు అతికించుకోవచ్చు, ఒక మధ్యాహ్నం పని. గీకిన ముక్కలు షట్టర్ కర్టెన్ మీద పడనివ్వకండి, కర్టెన్‌ని వేలితో తాకనే వద్దు. అద్దం కొట్టుకునే చోట కూడా ఒక స్పాంజి పట్టీ ఉంటుంది, అది మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆ అద్దానికి పూత వెనక కాదు, ముందు పక్కనే ఉంటుంది. గుడ్డతో ఒక్కసారి రుద్దితే గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. చేతులు వణికేవాళ్లు, ఓపిక లేనివాళ్లు ఆ పట్టీ జోలికి పోకుండా మెకానిక్‌కి వదిలెయ్యడం మేలు.

ప్రశ్న: అన్నా, నేను కొన్న కెమెరా అన్ని స్పీడుల్లోనూ బాగానే క్లిక్ అవుతోంది. ఫొటోలు కూడా బాగానే వస్తున్నాయి. అయినా ఫ్రెండ్స్ అందరూ సర్వీసింగ్ చేయించు, చేయించు అని ప్రాణం తీస్తున్నారు. అవసరమా కాదా అని ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ, పైసా ఖర్చు లేకుండా చాలావరకు తేల్చుకోవచ్చు.

ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తెరువు, లెన్స్ తీసెయ్. సెకను స్పీడుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు పైకి పో, ప్రతి స్పీడుకీ నాలుగైదు సార్లు నొక్కు. ఒకసారి సరిగ్గా పడి ఇంకోసారి బద్ధకంగా పడితే అది మంచి లక్షణం కాదు. పొద్దున్నే మొదటిసారి నొక్కినప్పుడు నెమ్మదిగా ఉండి, పదిసార్లు నొక్కాక బాగుపడే కెమెరాలు చాలా ఉంటాయి, వాటిలో ఆయిల్ గట్టిపడుతోందన్న మాట. ఫొటో తీసేటప్పుడు నువ్వు మొదటి నొక్కుకే తీస్తావు, పదో నొక్కుకి కాదు కదా.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో సెకనుకి 240 ఫ్రేములు తీస్తుంటే దాంతో స్లో స్పీడులు కొలవవచ్చు. షట్టర్‌ని వెనక నుంచి వీడియో తీసి, తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టు. 1/30 దగ్గర ఎనిమిది ఫ్రేములు ఉండాలి, 1/60 దగ్గర నాలుగు. 1/125 నుంచి పైకి ఫోన్‌ని నమ్మకు, అక్కడ ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా లెక్క తారుమారవుతుంది. అక్కడికి ఫొటో ట్రాన్సిస్టర్ (వెలుతురుని పసిగట్టే భాగం) ఉన్న టెస్టర్ కావాలి, లేదా ఒక రోలు బలి ఇవ్వాలి.

ఆ బలి ఎలాగంటే, వెలుతురు మారని చోట సాదా గోడ ఒకటి చూసుకో. 1/60 దగ్గర సరైన ఎఫ్ నంబరు (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) పెట్టి ఒక ఫ్రేము తీయి. తర్వాత స్పీడు ఒక మెట్టు పెంచి, లెన్స్ ఒక మెట్టు తెరిచి ఇంకోటి. అలా లెన్స్ తెరుచుకున్నంతవరకు పైకి పో, తర్వాత లెన్స్ మూసుకుంటూ కిందికి రా. అన్ని ఫ్రేములూ ఒకే చిక్కదనంతో రావాలి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది ఏంటంటే, స్కాన్లు చూసి అన్నీ బాగున్నాయనుకుంటారు. స్కానర్ ఒక్కో ఫ్రేమునీ దానంతట అది సరిచేసేస్తుంది, నీ కెమెరా తప్పులన్నీ కప్పేస్తుంది. నెగటివ్‌ని వెలుతురుకి ఎత్తి పెట్టి కళ్లతో చూడు. ఒకే స్పీడులో ఫ్రేము ఒక అంచు రెండో అంచు కన్నా పలచగా ఉందంటే రెండు కర్టెన్లూ ఒకే వేగంతో పరిగెత్తడం లేదని అర్థం. ఇది సాధారణంగా 1/1000 దగ్గరే ముందు బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ రెండు కర్టెన్ల మధ్య సందు అన్నిటికన్నా సన్నం. ఇంకా ముదిరితే ఆ అంచు పూర్తిగా ఖాళీగా వస్తుంది, రెండో కర్టెన్ వెళ్లి మొదటిదాన్ని అందుకుందన్న మాట.

ఇప్పుడు తీర్పు. పాత కెమెరాలో 1/1000 అని రాసిన చోట 1/700 రావడం మామూలే, అది అరస్టాప్, అంటే అర మెట్టు తేడా, దానికోసం కెమెరా విప్పించడం వృథా. 1/500 వచ్చినా, నువ్వు కలర్ నెగటివ్ ఫిల్మ్ వాడుతుంటే పట్టించుకోకు, ఆ ఫిల్మ్ ఒకటి రెండు స్టాపుల వెలుతురు ఎక్కువైనా సర్దుకుపోతుంది. స్లైడ్ ఫిల్మ్ వాడేవాడివైతే కథ వేరు, అరస్టాప్‌కే ఆకాశం తెల్లబోతుంది. అంచులు తేడా రావడం, ఒక్కోసారి ఒక్కోలా పడటం, రోలు మధ్యలో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా సర్వీసింగ్‌కి ఇచ్చెయ్. ఏదీ లేకపోతే ఫ్రెండ్స్ మాట పక్కనపెట్టి ఆ డబ్బుతో ఫిల్మ్ కొనుక్కో.

ప్రశ్న: మా కెనాన్ ఏఈ-1 నొక్కినప్పుడల్లా దగ్గినట్టు, కీచుమన్నట్టు వింత శబ్దం వస్తోంది. ఫొటోలు బాగానే వస్తున్నాయి. ఇది పెద్ద రిపేరా?

జవాబు: చిన్నదే. ఏఈ-1కీ దాని అన్నదమ్ములకీ ఇది పుట్టుకతో వచ్చే జబ్బులాంటిది, అద్దాన్ని నడిపే చక్రాల దగ్గర ఆయిల్ ఎండిపోతే ఇలా కీచుమంటుంది. సరైన చోట సన్నటి సూదితో ఒక చుక్క పడితే పోతుంది. అలాగని దొరికిన సందులోంచి స్ప్రే ఆయిల్ కొట్టకండి, అది పాకి షట్టర్ మీదకీ లెన్స్ రేకుల మీదకీ చేరితే చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. మెకానిక్‌ని ముందుగానే అడగండి, శబ్దం ఒక్కటే పోగొట్టడానికి ఎంత, పూర్తిగా చెయ్యడానికి ఎంత అని. అక్కడ ఎండిపోయిన ఆయిల్ మిగతా చోట్ల పచ్చిగా ఉండే అవకాశం తక్కువ కాబట్టి, బాగా వాడే కెమెరా అయితే నేను రెండోదానికే మొగ్గుతాను. శబ్దాన్ని వదిలేస్తే అద్దం నెమ్మదిగా లేవడం మొదలవుతుంది.

ప్రశ్న: నా దగ్గర మినోల్టా ఎక్స్-700 ఒకటి, ఒలింపస్ మ్యూ-2 ఒకటి ఉన్నాయి. రెండూ పనిచేయడం లేదు. మొదటిది చూస్తానన్నాడు గానీ రెండోదాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోనన్నాడు మెకానిక్. పని తప్పించుకోవడానికే అలా అంటున్నాడా?

జవాబు: లేదు, అలా చెప్పే మెకానిక్ దొరికితే వదులుకోవద్దు. ఎక్స్-700 కూడా ఎలక్ట్రానిక్ కెమెరానే, బ్యాటరీ లేకపోతే షట్టర్ పడదు. కానీ అది ఉన్నట్టుండి మూగబోయిందంటే చాలాసార్లు కారణం ఒక చిన్న కెపాసిటర్, అది ఇప్పటికీ దొరికే సరుకే, టంకం వేసి మార్చవచ్చు. కాబట్టి ఆ రిపేరుకి డబ్బు పెట్టడంలో తప్పులేదు. మ్యూ-2 లాంటి జేబు కెమెరాల సంగతి వేరు. వాటిలో మోటారు, ఆటోఫోకస్, ఫ్లాష్ అన్నీ రిబ్బన్ కేబుళ్లతో ఇరికించి పెట్టి ఉంటాయి, చిప్పు పోతే కొత్త చిప్పు ఎవరూ తయారు చెయ్యరు. చచ్చిపోయిన ఇంకో మ్యూ-2 దొరికితే దాని లోపలిది తీసి దీనికి పెట్టాలి, ఆ తీసిన ముక్క ఎన్నాళ్లు వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ జేబు కెమెరాల ధరలు పేరుని బట్టి ఆకాశాన్నంటుతున్నాయి గానీ, పోతే బాగయ్యే అవకాశం చవక మెకానికల్ కెమెరాకి ఉన్నంత కూడా వీటికి ఉండదు. ధర చూసి విలువ కట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

యూట్యూబ్ చూసి మ్యూ-2ని మీరే విప్పుదామనుకుంటే మాత్రం వద్దు. ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు ఉంటాయి, బ్యాటరీ తీసేశాక కూడా చాలాసేపు ఉంటాయి. గట్టిగానే కొడుతుంది.

ప్రశ్న: ఒలింపస్ ఓఎం-1 వాడుతున్నాను. అందులో పాత మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు కదా, మామూలు ఆల్కలైన్ వేస్తే మీటరు తప్పు చూపిస్తోంది. మీటరు సరిచేయించడానికి డబ్బు పెట్టొచ్చా?

జవాబు: ఒక్క మీటరు కోసమే అయితే నేను పెట్టను. ఆ మీటరుని 1.35 వోల్టులకి తయారు చేశారు, ఆల్కలైన్ 1.5 ఇస్తుంది, పైగా వాడేకొద్దీ అది తగ్గుతూ పోతుంది, కాబట్టి తప్పు కూడా రోజుకోలా మారుతుంది. చెవి మిషన్‌లో వేసే 675 సైజు జింక్-ఎయిర్ బిళ్ల 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది, సన్నటి రింగు ఒకటి చుట్టి వేసుకుంటే సరిపోతుంది. దాని చిక్కల్లా ఏంటంటే, పైనున్న కాగితం పీకిన దగ్గర్నుంచీ వాడినా వాడకపోయినా ఆయుష్షు తగ్గుతూనే ఉంటుంది. చవకే కాబట్టి పర్వాలేదు. లేకపోతే ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ ఉండనే ఉంది, ఎర్రటి ఎండలో అయితే ఎఫ్16 పెట్టి ఫిల్మ్ ఐఎస్ఓ నంబరుకి దగ్గరి స్పీడు పెట్టుకుంటే అదీ అవసరం లేదు. ఓఎం-1 షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదన్నది మర్చిపోకండి.

అయితే ఎప్పుడో ఒకప్పుడు పూర్తి సర్వీసింగ్‌కి ఇస్తారు కదా, అప్పుడు ఎలాగూ విప్పుతారు కాబట్టి మీటరుని 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్‌కి సరిపెట్టమనండి, లేదా వోల్టేజీ తగ్గించే డయోడ్ ఒకటి లోపల పెట్టమనండి. అప్పుడే ఇంకో పని కూడా తప్పకుండా చెప్పండి. ఓఎం-1లో ప్రిజం (వ్యూఫైండర్‌లోకి బొమ్మని తిప్పి పంపే గాజు దిమ్మ) దగ్గర స్పాంజి ముక్క ఉంటుంది, అది కరిగి ప్రిజం మీద వెండి పూతని తినేస్తుంది. వ్యూఫైండర్‌లో మరకలు మొదలయ్యాక దాన్ని మళ్లీ బాగుచెయ్యడం కష్టం, మంచి ప్రిజం ఇంకో కెమెరా నుంచి తేవాల్సిందే. ఆ స్పాంజి తీసెయ్యమని మనం అడగకపోతే, కొందరు చూసి కూడా అలాగే మూసేస్తారు.

ప్రశ్న: లెన్స్‌లో ఫంగస్ వచ్చింది. క్లీనింగ్‌కి అడిగిన డబ్బు లెన్స్ ధరలో సగం ఉంది.

జవాబు: 50 ఎంఎం ఎఫ్1.8 లాంటి మామూలు లెన్స్ అయితే శుభ్రమైనది ఇంకోటి కొనుక్కోండి, అవి కుప్పలుగా ఉన్నాయి. కెమెరా బాడీకి నేను చెప్పిన సలహాకి ఇది ఉల్టాగా ఉందంటారేమో, నిజమే. లెన్స్‌ని వెలుతురుకి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరికి చూస్తే దాని బాగోగులు మనకే కనబడతాయి, బాడీ లోపలిది కనబడదు, తేడా అదే. అరుదైన లెన్స్ అయితే ఫంగస్ అంచుల్లో ఉండగానే తీయించండి. ఎక్కువకాలం వదిలేస్తే అది గాజు పూతని కొరికేస్తుంది, అప్పుడు ఫంగస్‌ని తుడిచినా దాని అచ్చు మిగిలిపోతుంది. మెకానిక్ కూడా విప్పి తుడిచేదాకా ఆ మాట చెప్పలేడు. ఇంకో మాట, ఫోన్ టార్చి వేసి లోపలికి చూస్తే ఏ లెన్సైనా భయపెడుతుంది. నాలుగు దుమ్ము రేణువులు ఫొటోలో కనబడవు, వాటికోసం లెన్స్ విప్పించకండి.

ప్రశ్న: సర్వీసింగ్‌కి ఇచ్చేముందు ఏమేం అడగాలి? నేను ఒకచోట ఇస్తే బయట తుడిచి ఇచ్చి పూర్తి సర్వీసింగ్ డబ్బు తీసుకున్నారని అనుమానం.

జవాబు: అనుమానం తీరాలంటే ఒక్కటే దారి, అంకెలు అడగడం. విప్పకముందు ప్రతి స్పీడూ ఎంత వచ్చింది, అయ్యాక ఎంత వచ్చింది, రాసి ఇవ్వమనండి. నిజంగా టెస్టర్ మీద పెట్టేవాళ్లకి ఇది ఇబ్బందే కాదు, చాలామంది అడక్కుండానే ఇస్తారు. అడిగితే మొహం మాడ్చుకున్నారా, ఇంకొకర్ని చూసుకోండి. మీ మోడల్ ఇంతకుముందు చేశారా అని కూడా అడగండి. అన్ని కంపెనీలవీ అన్ని మోడళ్లూ చేస్తాననే వాళ్ల కన్నా 'ఇది నేను చెయ్యను' అని రెండు మూడింటికైనా చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ.

విప్పి చూశాక బాగవదని తేలితే ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇమ్మనండి. వారంటీ మూడు నెలలా, ఆరు నెలలా, ఏడాదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. కెమెరా చేతికొచ్చాక దాన్ని జాగ్రత్తగా దాచిపెట్టి వారంటీ అయిపోయాక మొదటి రోలు వేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. వచ్చిన వారంలోనే ఒక రోలు వేసి, అన్ని స్పీడులూ వాడి, వెంటనే డెవలప్ చేయించండి. తలుపు సందులోంచి వెలుతురు వస్తోందా, ఫోకస్ సరిగ్గా ఉందా అన్నది ఫిల్మ్ మాత్రమే చెబుతుంది.

మీ దానికి నిజంగా ఏమైనా చేశారా అన్నది ఇప్పుడు చూడాలంటే స్క్రూల తలలు చూడండి. జపాన్ కెమెరాల స్క్రూలకి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం డ్రైవర్ వాడాలి, మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి తిప్పితే గాడి అరిగి మెరుస్తూ కనబడుతుంది. అరిగి ఉంటే ఎవరో సరైన పనిముట్టు లేకుండా విప్పారు. దుమ్ముపట్టి, ఎప్పుడూ కదలనట్టు ఉంటే మీ అనుమానానికి బలం ఉన్నట్టే.

ప్రశ్న: అమ్మేద్దామనుకుంటున్నాను. సర్వీసింగ్ చేయించి అమ్మితే మంచి ధర వస్తుందా?

జవాబు: కాస్త ఎక్కువ వస్తుంది, పెట్టినంత మాత్రం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మెయ్యండి. ఎప్పుడో చేయించిన బిల్లు ఉంటే అది మాత్రం ఫొటో తీసి ప్రకటనలో పెట్టండి.

ప్రశ్న: సర్వీసింగ్ అయిపోయింది. మళ్లీ ఎన్నాళ్లకి చేయించాలి? ఈలోపు నేను చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: క్యాలెండర్ పెట్టుకుని చేయించక్కర్లేదు. బాగా చేసిన సర్వీసింగ్ మామూలు వాడకంలో పదేళ్ల పైన కూడా వస్తుంది, పైన తమ్ముడికి చెప్పిన పరీక్షలు అప్పుడప్పుడూ చేసుకుంటూ తేడా కనిపించినప్పుడు ఇవ్వండి. నెలకోసారి ఖాళీగా అన్ని స్పీడుల్లోనూ నొక్కండి, ముఖ్యంగా స్లో స్పీడుల్లో. దాచేటప్పుడు షట్టర్ ఎక్కించి పెట్టకండి, స్ప్రింగులు బిగిసి ఉంటాయి. బ్యాటరీ తీసెయ్యండి. తోలు కేసులో పెట్టి మూసెయ్యడం వద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి. గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి, అవి రంగు మారినప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

సెల్ఫ్ టైమర్ గురించి కూడా రాసి ఉండాల్సింది. సర్వీస్ చేయని పాత కెమెరా ఏది చేతికొచ్చినా ముందు సెల్ఫ్ టైమర్ మీట తిప్పి చూడాలనిపిస్తుంది అందరికీ. దాని చక్రాల్లో కూడా అదే జిగురు ఉంటుంది, సగంలో ఆగిపోతే కొన్ని మోడళ్లలో షట్టర్ కూడా దాంతోపాటే ఇరుక్కుపోతుంది. మీ సర్వీసింగ్‌లో అది కూడా శుభ్రం చేశారా అని ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి, అప్పటిదాకా ఆ మీటని ముట్టుకోకండి.